కొండంత అద్దం ముందు

పింగళ రాజ్యపు యువరాజు జయకేతు మాంత్రికుడు కరాళకేశుడి చెరలో పడి ఆ ఉదయానికి ముప్ఫై రెండు రోజులు. పున్నమికి ఇంకా పది రోజులుంది. పున్నమి నాడు మాంత్రికుడు అతణ్ణి తన దేవతకు బలి ఇస్తాడు. ఈ సంగతి రాజ్యంలో అందరికీ తెలుసు. అతణ్ణి విడిపించే ఉపాయం మాత్రం ఇద్దరి దగ్గరే ఉంది. ఆ ఇద్దరూ రాజధానిలో గుర్రపుశాల వెనక గడ్డికొట్టంలో ఎదురెదురుగా కూర్చున్నారు.

ఒకడు సారంగు. భాగవతుల మేళంలో నటుడు. ఇరవై ఆరేళ్ళవాడు. పందిరి కింద నిలబడి నోరు విప్పితే రెండు వేలమందిలో చివరివాడికి కూడా మాట వినపడుతుంది. రెండో మనిషి పోలసాని. డెబ్భై దాటింది. ముప్ఫై ఏళ్ళు రాజుగారి వేగు. కరాళకేశుడి కోటలో నాలుగేళ్ళు వంటమనిషిగా ఉండి ప్రాణంతో తిరిగొచ్చింది. అలా తిరిగొచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇద్దరి మధ్యా జానెడు దూరం. సారంగు పైపెదవి మీద పోలసాని అంటించిన దూదిపింజ ఉంది.

"చెప్పు," అంది పోలసాని.

"గురుదేవా, పన్నెండేళ్ళ తరవాత తమ పాదాలు చూశాను."

దూది ఎగిరి ఆమె ఒళ్ళో పడింది.

"కనుబొమ్మ లేచింది. గొంతు లేచింది. మెడనరం లేచింది. నువ్వొక్కడివే కూర్చుని ఉన్నావు." ఆమె దూది తీసి మళ్ళీ అంటించింది. "మళ్ళీ చెప్పు."

"చివర కూర్చున్నవాడికి కనపడొద్దా అవ్వా?"

"అక్కడ చివర ఎవడూ కూర్చోడు. చూసేవాడు ఒక్కడే. వాడు కూడా నిన్ను చూడడు, అద్దం చూస్తాడు."

ఆ అద్దం సంగతి ఆమెకు తెలుసు. నాలుగేళ్ళు నెలకోసారి నిచ్చెనెక్కి తుడిచింది. కరాళకేశుడి సభామంటపం నేల ఇంద్రనీలం, స్తంభాలు చంద్రకాంతం, పైకప్పు నెమలిపింఛాల రంగులో కరగబోసిన గాజు. ఉత్తరపు గోడ మొత్తం ఒకటే అద్దం. దాని ముందు నిలబడ్డ మనిషి మొహం నలభై మూరల ఎత్తున లేస్తుంది. కన్ను కోట తలుపంత ఉంటుంది. నుదుటి మీద చెమటబొట్టు కాగంత ఉంటుంది. రెప్ప వణికితే కొబ్బరిమట్ట ఊగినట్టుంటుంది. అబద్ధమాడేవాడు ఎక్కడో ఒకచోట కదులుతాడు, ఆ కదలిక ఇందులో దాగదు. యువరాజు కోసం ఇప్పటికి ఏడుగురు మారువేషాల్లో వెళ్ళారు. ఏడుగురూ ఇప్పుడు మాంత్రికుడి తోటలో రాతిస్తంభాలై ఉన్నారు. కళ్ళు మాత్రం కదులుతుంటాయట.

"ఏడుగురూ శూరులే. కత్తి తిప్పడం తెలుసు. మొహం నిలపడం తెలీదు," అంది పోలసాని.

అవకాశం అనుకోకుండా వచ్చింది. కరాళకేశుడి శిష్యుడు భైరుండుడు పద్నాలుగో ఏట తూర్పు దేశానికి చదువుకు వెళ్ళాడు. పన్నెండేళ్ళ తరవాత గురువు దగ్గరికి తిరిగొస్తూ సరిహద్దులో పింగళ సైనికులకు దొరికిపోయాడు. అతని ముద్దుటుంగరం ఇప్పుడు పోలసాని కొంగున ఉంది. అతను రాజధాని చెరసాలలో ఉన్నాడు. పెద్దవాడయ్యాక అతణ్ణి గురువు చూడలేదు. అతని పేరుతో సారంగు కోటలో చేరి, శిష్యుడిగా నమ్మించి, యువరాజును బయటికి తేవాలి.

రెండో రోజు పోలసాని సారంగును చెరసాల గవాక్షం దగ్గర కూర్చోబెట్టింది. సాయంత్రానికి అతను గడ్డికొట్టంలోకి భైరుండుడిలా నడిచొచ్చాడు. ఎడంకాలు కొద్దిగా ఈడ్చాడు. మాటకు ముందు ముక్కు రుద్దుకున్నాడు. కూర్చోబోతూ పంచె వెనక భాగం రెండుసార్లు దులిపాడు. గుర్రాలకు దాణా వేసేవాడు తొంగిచూసి, ఖైదీ తప్పించుకున్నాడని కేకలు వేసుకుంటూ పరిగెత్తాడు.

పోలసాని నవ్వలేదు. "బాగుంది. కోతిక్కూడా వస్తుంది ఇది. వాడికేం కావాలి?"

"ఏం కావాలంటే?"

"వాడు పొద్దున లేచి దేనికోసం చూస్తాడు? అది తెలీకుండా ముక్కు రుద్దితే ఎదరవాడికి నీ ముక్కే కనపడుతుంది. రేపు మళ్ళీ వెళ్ళు."

మూడో రోజు సారంగు మామూలుగా నడిచొచ్చి కూర్చున్నాడు. "కాపలావాణ్ణి మూడుసార్లు అడిగాడవ్వా. నా గురించి మా గురువు ఎవరినైనా వాకబు చేశాడా అని. లేదన్నప్పుడల్లా గోడవైపు తిరిగి కూర్చున్నాడు."

"ఆఁ. అది పట్టుకో. ముక్కు వదిలెయ్."

"గురువు చేత ఒక్కసారి మెప్పు పొందాలి. అంతే వాడికి."

"అంతే. నీక్కూడా అంతేగా, దొంగవెధవా. దూది ఎగిరినప్పుడల్లా నా మొహం చూస్తున్నావు."

నాలుగో రోజు ఏడుపు గురించి మాట్లాడుకున్నారు. మేళంలో చావు కబురు వినగానే నటుడు రెండడుగులు వెనక్కి వేసి, ఉత్తరీయం కొస కళ్ళకు అద్దుకోవాలి. సారంగుకు పన్నెండో ఏట నేర్పిన పద్ధతి అది. చేసి చూపించాడు. కన్నీళ్ళు కూడా వచ్చాయి.

"ఇంట్లో ఎవరైనా పోతే ఇలాగే ఏడిచావా?" అంది పోలసాని.

సారంగు ఆలోచించాడు. "మా అయ్య పోయినప్పుడు బావిలోంచి నీళ్ళు తోడాను. తొట్టి నిండినా తోడుతూనే ఉన్నాను."

"మరి? ఏడుపు ఆపుకోడానికే ఎవరైనా చూస్తారు. మీ పందిట్లోనేరా, ఏడవాలని ఏడ్చేది. చేతికో పని చూసుకో. మొహం సంగతి మొహం చూసుకుంటుంది."

అయిదో రోజు మధ్యాహ్నానికి సారంగు వంద మాటలు చెప్పినా దూది కదల్లేదు. పోలసాని తమలపాకు నోట్లో పెట్టుకుని, "సరే," అంది. అయిదు రోజుల్లో ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. సారంగు ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు బయలుదేరాడు. కోట మూడు రోజుల దారి. మొదటి రోజు కర్కటీనదిని సొరకాయబుర్రల తెప్ప మీద దాటాడు. నడిమధ్య సుడిగుండం తెప్పను లాక్కుంది. ఒడ్డునున్న మద్దికొమ్మకు తాడు విసిరి పట్టుకుని బయటపడ్డాడు. తెప్ప పోయింది. రెండో రోజు ఇనపముక్కు రాబందుల మైదానం అడ్డొచ్చింది. అవి కదిలేదాన్నే పొడుస్తాయి. మిట్టమధ్యాహ్నం గుంపుగా దిగాయి. సారంగు మోడులా నిలబడ్డాడు. ఒకటి భుజం మీద వాలి మొహంలోకి చూసింది. చీమ ఒకటి చెవిలో దూరింది. పొద్దు వాలేదాకా అతని రెప్ప కూడా పడలేదు. గద్దెక్కిన దేవుడికి కూడా ఇంత కష్టం ఉండదనుకున్నాడు. మూడో రోజు కొండచిలువ వీపే వంతెనగా ఉన్న లోయ. మధ్యాహ్నం ఒక్క గడియ అది నిద్రపోతుంది. ముప్పాతిక దాటేసరికి దాని ఒళ్ళు కదిలింది. మిగిలిన పాతిక పరిగెత్తాడు.

నలభయ్యో రోజు ఉదయం కోట ద్వారం దగ్గర ఉంగరం చూపించాడు. ఇద్దరు రాక్షస భటులు ఉంగరాన్ని వాసన చూసి తలుపు తీశారు.

సభామంటపం పోలసాని చెప్పినట్టే ఉంది. కరాళకేశుడు మాత్రం సారంగు ఊహించినట్టు లేడు. పొట్టి మనిషి. శాలువా కప్పుకుని పీట మీద కూర్చున్నాడు. వీపు ఇటు, మొహం అద్దం వైపు.

"భైరుండా, దగ్గరికి రా. నన్ను చూడకు. అద్దం చూడు."

సారంగు చూశాడు. నలభై మూరల సారంగు తిరిగి చూశాడు. పద్నాలుగేళ్ళుగా వేషాలు వేస్తున్నా, వేషంలో ఉన్న తన మొహం అతనెన్నడూ చూడలేదు. ఎడం కనుబొమ్మ కింద మశూచి మచ్చ ఉందని కూడా అప్పుడే తెలిసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. అది నటన కాదు. మాంత్రికుడు తృప్తిగా తలూపాడు. మొదటిసారి ఆ అద్దం చూసిన ఎవరైనా అలాగే ఉంటారు.

"తూర్పు దేశంలో నా పేరు తెలుసా?"

"తెలుసు గురుదేవా. పిల్లలు అన్నం తినకపోతే తమ పేరే చెబుతారు."

"ఊఁ. మీ అమ్మ పోయింది. తెలుసా?"

ఈ సంగతి పోలసానికి తెలీదు. కాబట్టి నేర్పలేదు. సారంగు కుడిమడమ వెనక్కి అడుగు వేయడానికి లేచింది. చెయ్యి ఉత్తరీయం వైపు బయలుదేరింది. మడమను మళ్ళీ నేలకు దించాడు. బయలుదేరిన చెయ్యి ఉత్తరీయం దాకా పోకుండా మొలతాటి దగ్గర ఆగింది. అక్కడ ముడి వదులుగా ఉంది. దాన్ని విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు గురుదేవా?"

"ఆరేళ్ళయింది."

"తమరు చూశారా ఆవిణ్ణి?"

"చూశాను. నీ గురించే అడిగింది."

ముడి బిగిసింది. సారంగు దాన్ని మళ్ళీ విప్పాడు. "తమరేం చెప్పారు?"

అద్దంలో కోట తలుపులంత కళ్ళు జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. మాంత్రికుడు వాటిని చాలాసేపు చూశాడు. తరవాత, ఇలా చెప్పడం అలవాటు లేనివాడిలా, గొంతు సవరించుకున్నాడు.

"బాగా చదువుతున్నాడని చెప్పాను."

అద్దంలో పెదవి కొస మూరెడు పైకి లేచింది. సారంగు లేపలేదు. అదే లేచింది.

"కూర్చో నాయనా," అన్నాడు కరాళకేశుడు. చప్పట్లు చరిచాడు. "నా బలిపశువును చూద్దువు గాని. తీసుకురండి."

భటులు యువరాజు జయకేతును నడిపించుకొచ్చారు. కాళ్ళకూ చేతులకూ గొలుసులు. గడ్డం పెరిగింది. తల వంచుకుని వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. తలెత్తాడు. సారంగును చూశాడు.

నలభై మూరల సంతోషం అద్దం నిండా విచ్చుకుంది. పళ్ళు కోటగోడలా మెరిశాయి.

పింగళ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఆట అయిపోయాక రసికుడైనవాడు తెర వెనక్కి వెళ్ళి, నటుడు రంగు కడుక్కుంటుంటే తన చేత్తో తాంబూలం ఇవ్వాలి. మూడేళ్ళలో యువరాజు ఒక్క ఆట తప్పలేదు, ఒక్క తాంబూలం తప్పలేదు. రంగు కింద సారంగు మొహం ఎలా ఉంటుందో మేళంవాళ్ళ తరవాత బాగా తెలిసిన మనిషి అతనే. పోలసాని అయిదు రోజులు దూది అంటించి కూర్చోబెట్టింది. కానీ ఈ ఆటలో వేషాలు రెండు. ఆమె ఒక వేషగాడికే నేర్పి పంపింది.

మాంత్రికుడు పీట మీద ఇటు తిరిగాడు. "నలభై రోజుల్లో వీడు నవ్వలేదు. నిన్ను చూసి నవ్వాడేం?"

భైరుండుడైతే ఏం చేస్తాడు? గురువు చెయ్యని పని తాను చేసి చూపిస్తానంటాడు.

"కనుక్కుంటాను గురుదేవా. రేపటిదాకా వీణ్ణి నాకు అప్పగించండి."

"రేపు మధ్యాహ్నం ఇద్దరూ ఇక్కడే నిలబడతారు. కారణం నాకు మాటల్లో వద్దు. అద్దంలో కనపడాలి. కనపడకపోతే తోటలో ఇంకో స్తంభం లేస్తుంది." మాంత్రికుడు శాలువా సర్దుకున్నాడు. "ఒక్క సంగతి మరవకు. రేపటితో వీడికి ఉప్పు తగలని నలభై ఒక్క రోజులు నిండుతాయి. ఎల్లుండి పున్నమి. ఒక్క ఉప్పు పలుకు నాలిక మీద పడ్డా వ్రతం చెడుతుంది, లెక్క మళ్ళీ ఒకటి నుంచే."

చెరగదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాక యువరాజు సారంగు చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నాన్నగారు సైన్యాన్ని పంపుతారనుకున్నాను."

"అద్దం ముందు సైన్యం నిలవదు ప్రభూ. నెమ్మదిగా మాట్లాడండి."

"పోయిన కార్తికంలో నువ్వు కట్టిన మహారాణి వేషం, అడవిలో ఒంటరిగా..."

"ప్రభూ. రేపు నన్ను చూసి మీరు నవ్వకూడదు."

"అంతేనా? నవ్వను. రాయిలా ఉంటాను."

"ఏదీ, ఉండండి."

యువరాజు రాయిలా ఉన్నాడు. సారంగు కొంచెంసేపు చూశాడు. "పంటినొప్పి ఉన్నవాడిలా ఉన్నారు."

"పోనీ, కోపంగా చూస్తాను." చూశాడు. పెదవులు బిగించాడు, బుగ్గలు ఉబ్బాయి, ముక్కులోంచి నవ్వు బయటికొచ్చింది. "ఏం చెయ్యను సారంగూ, నిన్ను చూస్తే సంతోషంగా ఉంది."

పద్నాలుగో ఏట ఒంటరిగా పులిని చంపినవాడు జయకేతు. మొహం దాచుకోవలసిన అవసరం మాత్రం పుట్టాక ఎన్నడూ రాలేదు. అంతఃపురంలో నవ్వొస్తే నవ్వాడు, కోపమొస్తే అరిచాడు. సాయంత్రం దాకా ప్రయత్నించారు. దూది సారంగుకే అయిదు రోజులు పట్టింది. ఇక్కడ ఒక పూట ఉంది.

పొద్దు గుంకే వేళకు సారంగు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నవ్వు దాచడం ఈయనకు రాదు. ఇక మిగిలింది ఒకటే, ఆ నవ్వుకు ఇంకో కారణం చూపించడం.

"ప్రభూ, మీకేం కావాలి?"

"బయటపడాలి."

"అది కాదు. ఇప్పుడు, ఈ క్షణాన."

యువరాజు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "నవ్వకూడదు మరి. ఊరగాయ. చప్పిడి కూడు తిని తిని నాలిక చచ్చిపోయింది. నిన్న కలలో మా అమ్మ వచ్చింది. ఆవిడ మొహం చూడలేదయ్యా, చేతిలో జాడీ చూశాను."

సారంగు నవ్వలేదు. తన మూట విప్పాడు. పోలసాని దారికి కట్టిచ్చిన అటుకులు అయిపోయాయి. చిన్న సీసాలో మామిడికాయ ఊరగాయ ముక్కలు ఇంకా నాలుగున్నాయి. మూత కొద్దిగా తీశాడు. యువరాజు మాట మధ్యలో ఆగిపోయింది. సారంగు ఎవరో, తానెక్కడున్నాడో అతని మొహంలో లేవు. సారంగు వెంటనే మూత బిగించాడు.

"రేపు నన్ను చూడొద్దు ప్రభూ. నా చేతిలోకి చూడండి. ఇవాళ నవ్వింది కూడా నా మూట వాసనకే అనుకోండి. మీరు చెయ్యవలసిందేమీ లేదు. ఊరికే ఆకలిగా ఉండండి."

"అంతేనా?"

"అంతే."

అంతే కాదు. మిగతాది సారంగు చెప్పలేదు. చెబితే అద్దంలో కనపడుతుంది. యువరాజు నిద్రలో ఉండగా అతని నడుముకు బిగించిన చేతిగొలుసు పొడవు మాత్రం జానతో కొలుచుకున్నాడు. మూడు జానల నాలుగు వేళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ అద్దం ముందు నిలబడ్డారు. సారంగు చేతిలో ఆకుదొన్నె ఉంది.

"కారణం ఇదిగో గురుదేవా," అని పైనున్న ఆకు తీశాడు. "నిన్న నా మూటలో ఉంది. వాసన పట్టాడు."

అద్దంలో యువరాజు ముక్కుపుటాలు గుహల్లా తెరుచుకున్నాయి. కళ్ళు దొన్నె మీద నిలిచాయి. గొంతుముడి కొండరాయిలా పైకి లేచి కిందికి జారింది. తరవాత నిన్నటి నవ్వే, అదే వెడల్పున, మొహమంతా పరుచుకుంది. ఆ నవ్వులో సారంగు లేడు.

కరాళకేశుడు పొట్ట పట్టుకున్నాడు. పీట కదిలేలా నవ్వాడు. "ఊరగాయకట రా. రాజవంశం. ఊరగాయకట." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకొంచెం దగ్గరికి చూపించు వాడికి. ఎల్లుండికి ఉండడు, వాసనైనా చూడనీ."

సారంగు దగ్గరికి జరిపాడు. మూడు జానల దూరంలో ఆపాడు.

యువరాజు ఏమీ ఆలోచించలేదు. గొలుసు బిగిసింది. చెయ్యి దొన్నెలో పడింది. నాలుగు ముక్కలూ నోట్లోకి పోయాయి.

మంటపమంతా నమిలే చప్పుడు వినపడింది. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. యువరాజు టెంక చప్పరిస్తూ కళ్ళు మూసుకున్నాడు. నలభై ఒక్క రోజులూ పోయాయి. లెక్క ఒకటి నుంచి మొదలై, మళ్ళీ పున్నమి కలిసిరావాలంటే రెండు పున్నములు దాటాలి. అతని ప్రాణం అంతవరకూ నిలబడింది.

"భైరుండా," అన్నాడు కరాళకేశుడు. గొంతు పెంచలేదు. "అద్దం వైపు తిరుగు."

తిరగడానికి నాలుగు అడుగులు పడతాయి. మొదటి అడుగులో సారంగు సంతోషంగా ఉన్నాడు. రెండో అడుగులో దాన్ని దాచబోయి, దాచినది ఈ అద్దంలో కనపడుతుందని మానేశాడు. మూడో అడుగులో చెరసాలలో గోడవైపు తిరిగి కూర్చున్న కుర్రాడి వీపు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళు చదివి వచ్చి, మొదటి పనిలోనే గురువు వ్రతం చెడగొట్టినవాడు. బాగా చదువుతున్నాడని ఇక ఎవరితోనూ చెప్పించుకోలేడు. నాలుగో అడుగు వేశాడు.

చేతిలో ఖాళీ దొన్నె ఉంది. దాని అంచు నుంచి ఆకుపుల్ల ఊడొచ్చింది. సారంగు తల వంచి ఆ పుల్లను మళ్ళీ గుచ్చడానికి చూశాడు. పుల్ల పట్టలేదు. మళ్ళీ గుచ్చాడు. పట్టలేదు. అద్దంలో రెప్ప అంచున కాగెడు నీరు నిలిచింది, కిందికి రాలేదు.

కరాళకేశుడు ఆ నీటిబొట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. చేతిలోకి తీసుకున్న మంత్రదండాన్ని కొంతసేపటికి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పుల్ల వదిలెయ్ రా," అన్నాడు. "నేనే చూపించమన్నాను కదా. రెండు పున్నములు. ఆగుదాం."

సారంగు దొన్నె కిందికి దించాడు. అప్పుడు వెనక గొలుసులు గలగలమన్నాయి. తిరిగి చూడకుండా అద్దంలోకే చూశాడు. మాంత్రికుడి కళ్ళు కూడా అద్దం మీదే ఉన్నాయి. యువరాజు కళ్ళు తెరిచి ఉన్నాడు. వాటి నిండా నీళ్ళున్నాయి. మూడేళ్ళుగా మొదటి వరసలో కూర్చున్నవాడు, తానెక్కడున్నాడో మరిచిపోయి, చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ పైకెత్తాడు.